అమెరికా వెళ్లే పిల్లలకు ఆ ఒక్క మాత్ర గురించి చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ గారికి నమస్కారం.

మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. మొన్న ఫోన్లో మాటల మధ్య, నడుం పట్టేస్తే రూమ్మేట్ ఫ్రెండ్ దగ్గర ఏదో మాత్ర తీసుకుని వేసుకున్నానన్నాడు. ఏం మాత్రరా అంటే, "పేరు తెలీదమ్మా, తగ్గిపోయిందిగా" అన్నాడు. వాడికేం కాలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు వాడిదనను. తలనొప్పంటే పక్కింటావిడ డోలో ఇస్తుంది, మెడికల్ షాపులో చీటీ లేకుండానే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, అలా పెరిగిన పిల్లలే అక్కడ డాక్టర్ ఖర్చుకి భయపడి స్నేహితుల్ని మాత్ర అడుగుతారు. అక్కడ అలా చేతులు మారేవాటిలో, స్నాప్‌చాట్‌లో అమ్మేవాటిలో నకిలీవి విపరీతం. నొప్పికి వాడే ఆక్సీకోడోన్, ఆందోళనకి జానాక్స్, పరీక్షల ముందు నిద్ర ఆపుకోవడానికి కొందరు మింగే ఆడరాల్, నకిలీవాటికీ అచ్చం అసలు మాత్రల రంగే, అదే ముద్ర, లోపల మాత్రం ఫెంటానిల్ అనే అతి తీవ్రమైన మత్తుమందు. రెండు మిల్లీగ్రాములు, పెన్సిల్ మొన మీద పట్టేంత, ప్రాణం తీయగలదు. అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ 2023లో పరీక్షించిన ఫెంటానిల్ నకిలీ మాత్రల్లో పదింటికి ఏడింటిలో అంత మోతాదు ఉంది. 2024లో పదింటికి ఐదు. 2022 మే నెలలో, పరీక్షలు ముగిసే రోజుల్లో, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరు ఇలాగే చనిపోయారు. ఆ పరీక్షల టెన్షన్ మన పిల్లలకి తక్కువా?

కన్సల్టెన్సీల వాళ్లు వీసా ఇంటర్వ్యూ నేర్పుతారు, బ్యాంకు లోన్ గురించి, సూట్‌కేసు బరువు గురించి చెబుతారు. దీని గురించి నాకైతే ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. మీరు చెప్పించండి సార్, కాలేజీల్లోనూ, కన్సల్టెన్సీల్లోనూ, తల్లిదండ్రులకి తెలుగులోనూ. ఫార్మసీలో తమ పేరు మీద ఇచ్చిన మాత్ర తప్ప ఇంకోటి నోట్లో వేసుకోవద్దని. ఎవరైనా గురక పెడుతున్నట్టు ఊపిరి తీస్తూ, పెదాలు నీలంగా మారి, లేపినా లేవకపోతే నిద్రపోతున్నాడనుకోవద్దని, వీసా ఏమవుతుందోనని జంకకుండా వెంటనే అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలని. ఫెంటానిల్ మత్తును విరిచే, ముక్కులో కొట్టే నార్కాన్ స్ప్రే 2023 నుంచి అక్కడ డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతోంది, అది గదిలో ఒకటి ఉంచుకోమని.

ఆగస్టులో వెళ్లే పిల్లలు జులైలోనే సామాను సర్దుకుంటారు. ఆలోపే చెప్పించండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక తల్లి