72 అన్నారు, 95 గెలిచాం

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మా పిల్లలూ కులాసాయేనా? మొన్న ఆదివారం మాట సగంలో ఉండగానే నువ్వు పిల్లాణ్ణి ఈతకి దింపాలని ఫోన్ పెట్టేశావు. మళ్ళీ చేస్తే వాదనలోకి దిగుతాం. అందుకే కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు ముందేమన్నావు? "ఈ బేస్‌బాల్ సీజన్‌లో మా టెక్సస్ రేంజర్స్ టీమ్ ఇన్ని ఆటలు గెలుస్తుందని కంప్యూటర్ ఏదో నడిమి అంకె ఇచ్చిందిరా, ఇంకెందుకు టికెట్లకి డబ్బులు తగలేయడం" అన్నావు. రెండు నిమిషాలు కాకుండానే "ఆ లెక్కలు ఎప్పుడు నిజమయ్యాయి గనక" అని కూడా అన్నావు. రెండూ ఒకే నోటితో! వారం రోజుల నుంచీ నాకిదే ఆలోచన. నమ్మని అంకెని పట్టుకుని ఏప్రిల్ నెల ఆట ఎందుకు మానుకుంటున్నావురా?

కాకినాడలో ఉగాది నాడు మీ నాన్నగారు పంచాంగం తెరిచి ఇంటిల్లిపాదికీ ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం, అవమానం వరసగా చదివేవారు. మనిద్దరం పచ్చడి గిన్నె పట్టుకుని అరుగు మీద వినేవాళ్ళం. ఇక్కడ అమెరికాలో బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే ఓపెనింగ్ డే కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తుంది. సీజన్ ముందు వచ్చే గెలుపుల అంకెల్ని మనవాళ్ళు అదే చెవితో వింటున్నారు. ఒక్క అంకె, ఏడాదంతా దానికి కట్టుబడి ఉండాలన్నట్టు. అయితే అది పుట్టే తీరు వేరురా.

ఆటగాడు రాబోయే ఏడాది ఎలా ఆడతాడో అంచనా వేసే మార్సెల్ అని ఒక లెక్క ఉంది. టామ్ టాంగో అనే ఆయన తయారు చేశాడు. కోతి కూడా వేయగలిగేంత సులువని దానికి కోతి పేరే పెట్టాడు. ఆటగాడి గత మూడేళ్ళ ఆట తీసుకుంటుంది. బ్యాటర్ అయితే పోయినేడుకి 5 పాళ్ళు, అంతకు ముందు ఏటికి 4, దాని ముందు ఏటికి 3. ఆపైన అతన్ని లీగ్ సగటు వైపు కాస్త లాగుతుంది, వయసుని బట్టి కాస్త కలుపుతుంది, లేదా తీసేస్తుంది. అంతే. ఇలాంటి ఆటగాళ్ళ అంచనాలన్నీ కలిపితేనే టీమ్ గెలుపుల అంకె వస్తుంది. పెకోటా, జిప్స్, స్టీమర్ లాంటి వేరే అంచనా లెక్కలు ఇంకా చాలా సంగతులు చూస్తాయి. అయినా ఈ కోతి లెక్కని దాటేది కొద్ది మేరకే.

సగటు వైపు లాగడం దగ్గరే అభిమానికి కోపం వస్తుంది. "మావాడు .330 కొడితే .295 అంటారేంటి?" అంటాడు. .330 అంటే వెయ్యి ప్రయత్నాలకి 330 హిట్ల లెక్క. ఒక ఏడాది .330 కొట్టాడంటే అందులో కొంత చేతి పనితనం, కొంత బంతి వెళ్ళి ఖాళీలో పడ్డ అదృష్టం. పనితనం మళ్ళీ ఏడాదికీ ఉంటుంది, అదృష్టం ఉంటుందని చెప్పలేం. లెక్క చేసేది ఆ రెండింటినీ విడదీయడమే. నాకిది చాలా నిజాయితీగా కనిపిస్తుందిరా. మన మనసు చేయలేని పని అది.

ఇక మా ఊరి సంగతికి వస్తాను, నాకు మనసు పట్టేది అక్కడే. 2014లో మా కాన్సాస్ సిటీ టీమ్ రాయల్స్, సీజన్ చివర కప్పు కోసం ఆడే వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట దాకా వెళ్ళి ఓడిపోయింది. తర్వాతి సీజన్‌కి పెకోటా ఇచ్చిన అంకె 72 గెలుపులు. ఆ పెకోటా అన్న పేరే మా పాత ఆటగాడు బిల్ పెకోటాది, కెరీర్ సగటు .249 ఉన్న మామూలు ఆటగాడు. మావాడి పేరు పెట్టుకుని మాకే 72 ఇస్తారా అని ఆఫీసులో అందరం మండిపోయాం. చివరికి 95 గెలిచి, వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ మెట్స్‌ని 5 ఆటల్లో ఓడించి కప్పు తెచ్చాం. నవంబరు 3న ఊరేగింపు. 8 లక్షల మంది వచ్చారని అంచనా. యూనియన్ స్టేషన్ దగ్గర మా అమ్మాయిని భుజాల మీద ఎత్తుకుని నిలబడ్డాను. నా పక్కన ఒక పెద్దాయన, అట్ట ముక్క మీద 72 అని రాసి, దాని మీద నీలం రంగుతో అడ్డగీత కొట్టి, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నావీ అంతే.

ఆ రోజు నేనూ నీలాగే అనుకున్నాను, ఇక ఈ లెక్కలు చూడక్కర్లేదని. ఆ చలికాలంలో ఒక రాత్రి వంటింటి గచ్చు మీద అమ్మాయితో ఒక ఆట ఆడాను. క్వార్టర్ నాణెం 162 సార్లు, అంటే సీజన్‌లో ఒక టీమ్ ఆడే ఆటలన్ని సార్లు, ఎగరేయడం, బొమ్మ పడితే గెలుపు. మొదటిసారి 74 వచ్చింది. రెండోసారి 88. మూడోసారి 83. అదే నాణెం, అదే చెయ్యి, అదే గచ్చు. 74 గెలిచిన టీమ్ మేనేజర్‌ని తీసేస్తారు, 88 గెలిస్తే ప్లేఆఫ్స్ అంటారు. మధ్యలో నాణెం ఏమీ మారలేదు కదా! అమ్మాయి లెక్క రాసిన కాగితం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

సరిగ్గా లెక్క కడితే, సగటు టీమ్‌కి 162 ఆటల్లో అదృష్టం ఒక్కటే ఓ 6 గెలుపులు అటూ ఇటూ చేస్తుంది. అంటే 30 టీముల అసలు సత్తా దేవుడే వచ్చి మన చెవిలో చెప్పినా, పది టీముల దగ్గర 6 కంటే ఎక్కువ తేడా వస్తుంది. ఒకటి రెండు టీములు 12 పైనే తప్పుతాయి. ఆ ఒకటి రెండే మనకి కథలవుతాయి, మిగతావి ఎవరికీ గుర్తుండవు. 2007లో వైట్ సాక్స్‌కి పెకోటా 72 ఇస్తే షికాగో అభిమానులు గోల పెట్టారు. రెండేళ్ళ క్రితమే కప్పు కొట్టిన టీమ్ మరి. చివరికి 72 గెలిచి 90 ఓడింది, అంకెకి అంకె. ఆ మరుసటి ఏడాది టాంపా బే అంతకు ముందు 66 గెలిచిన టీమ్ అయినా 90కి దగ్గరగా వెళ్తుందని ఇదే పెకోటా చెప్పింది. 97 గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్ళింది.

అయితే 72కీ 95కీ మధ్య ఉన్న 23 గెలుపుల్ని నాణెం మీద తోసేయలేం. లెక్క నిజంగానే ఏదో చూడలేకపోయింది. మా పిచర్ (బంతి వేసేవాడు) వేడ్ డేవిస్‌నే తీసుకో. 2013లో ఎక్కువగా స్టార్టర్‌గా, అంటే ఆట మొదటి నుంచీ వేసేవాడిగా ఆడినప్పుడు, అతని ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మంచిది) 5.32. ఆట మధ్యలో దిగే పిచర్ల బుల్‌పెన్‌కి పంపాక 2014లో 1.00, 2015లో 0.94. మూడేళ్ళు కలిపి చూసేవాడికి ఆ 2013 అడ్డం వస్తుంది కదా. పైగా లొరెంజో కేన్, అలెక్స్ గోర్డన్ అవుట్‌ఫీల్డ్‌లో పట్టే పట్లు, మూడు స్ట్రైకులతో అవుటవడం (స్ట్రైకౌట్) అన్ని టీముల్లోకీ తక్కువగా ఉన్న మా బ్యాటర్లు. ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో లెక్కకి అందలేదు. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కీ అదే జరిగింది. 75 అన్నారు, 107 గెలిచింది. 34 ఏళ్ళ బ్రాండన్ క్రాఫర్డ్ తగ్గుతాడని వయసు లెక్క చెబితే, జీవితంలోనే మంచి సీజన్ ఆడాడు. మనిషి తన స్వింగ్ మార్చుకున్నా, కొత్త కోచ్ మాట తలకెక్కినా మార్చి నెలలో అది ఏ పట్టికలోనూ ఉండదు.

అందుకే నేను నమ్ముతాను, కానీ 78 అంటే 70కీ 86కీ మధ్య ఎక్కడైనా, ఒక్కోసారి ఇంకా దూరంగా, అని చదువుకుంటాను. తయారు చేసేవాళ్ళు కూడా వేలసార్లు సీజన్ ఆడించి, వచ్చిన వాటి మధ్య అంకెనే ఇస్తారు. టీవీలో ఆ ఒక్క అంకెనే పెద్ద అక్షరాల్లో వేసి, దాని అటూ ఇటూ ఉన్న వెడల్పుని దాచేస్తారే, అది నాకు నిజంగా బాధ. అభిమానికి చేస్తున్న అన్యాయం అది.

కప్పు కొట్టాక 2016లో మాకు మళ్ళీ 76 ఇచ్చారు. ఊరంతా కోపం. 81 గెలిచి 81 ఓడాం. నీ రేంజర్స్ సంగతీ చూడు: 2022లో 94 ఓడి, 2023లో కప్పు ఎత్తి, 2024లో 78 దగ్గర ఆగింది. ఆ మధ్య ఏడాది నువ్వు టికెట్లు కొనకపోయి ఉంటే?

ఈసారి రేంజర్స్ ఇక్కడికి వచ్చినప్పుడు మీరందరూ రండి. చెల్లెమ్మని అడిగి పిల్లల బడి చూసుకుని ఏ వారమో చెప్పు, టికెట్లు నేను తీస్తాను. మూడో బేస్ వైపే తీస్తాను, సాయంత్రం అటే ముందు నీడ పడుతుంది, ఫౌంటెన్లు కూడా బాగా కనిపిస్తాయి. వచ్చేటప్పుడు మీ అత్తగారి మాగాయ ఒక సీసా పట్రా.

నీ
మూర్తి