పాకం వచ్చే వేళకే బ్రేక్

సంపాదకులకు,

టీవీ వంటల కార్యక్రమాల గురించి ప్రేక్షకుల మాటలు చాలావరకు యాంకర్ దగ్గరే ఆగిపోతాయి. చీర బాగుందనో, వండేవాళ్లను మాట్లాడనివ్వడం లేదనో అంటుంటారు. యాంకర్లు మాట్లాడటం నాకు అభ్యంతరం కాదు. వంట చెడేది ఏ క్షణంలోనో, సరిగ్గా ఆ క్షణంలోనే మాట్లాడతారు. బాధంతా అక్కడే.

అరిసెల పాకం చూడండి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేలితో కూడదీస్తే మెత్తటి ఉండ కావాలి. ఉండ కట్టకుండా జారిపోతే లేతపాకం, అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఉండను పళ్లేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టే, అరిసె కొరుకుడు పడదు. ఈ రెండింటికీ మధ్య దొరికే వ్యవధి చాలా తక్కువ. తెర మీద అప్పుడే బ్రేక్ వస్తుంది, లేదా అతిథి ఊరి కబుర్లు మొదలవుతాయి. తిరిగొచ్చేసరికి ‘పాకం వచ్చేసిందండీ’ అంటారు. పిండి సంగతి అంతకన్నా అన్యాయం. బియ్యం రోజంతా నానాలి, నీళ్లు వంచి తడి ఆరకముందే మర పట్టించాలి, ఆ పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టాలి. ‘ముందుగానే సిద్ధం చేసుకున్నాం’ అన్న ఒక్క మాటతో ఇదంతా మాయం. చూసినవాళ్లు దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండి కలుపుతారు. అది పాకాన్ని పీల్చేసుకుంటుంది, అరిసెలు బిరుసెక్కుతాయి.

పోపు ఇంకా చిన్న విషయం, అయినా రోజూ తప్పుతున్నది. నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు రంగు తిరగాలి. ఆ తర్వాత ఆవాలు, అవి చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిర్చి, దించేముందు ఇంగువ, కరివేపాకు. టీవీలో అన్నీ ఒకే గిన్నెలోంచి ఒకేసారి పడతాయి. పప్పులు వేగేలోపు జీలకర్ర మాడి చేదెక్కుతుంది. పైగా ఆవాల చప్పుడు విని మంట తగ్గించుకోవాల్సిన చోట నేపథ్య సంగీతం మోగుతుంటుంది!

కొలతల గురించి కూడా చెప్పాలి. ‘ఒక కప్పు’ అంటారు. కొలత కప్పు 240 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చేది 180. బియ్యం ఒకదానితో, నీళ్లు మరొకదానితో పోస్తే అన్నం ముద్దవుతుంది, లేదా పలుకుగా మిగులుతుంది. కొత్త బియ్యమో పాత బియ్యమో చెప్పేవాళ్లే అరుదు.

1963లో అమెరికాలోని బోస్టన్‌లో మొదలైన టీవీ వంటల కార్యక్రమం ‘ది ఫ్రెంచ్ చెఫ్’లో, దాన్ని నడిపిన జూలియా చైల్డ్ బంగాళాదుంప అట్టు తిరగేయబోతే కొంత పొయ్యి మీద పడింది. ఆవిడ దాన్ని తీసి మళ్లీ పెనంలో సర్దింది. ఆ ముక్కను కత్తిరించకుండా ప్రసారం చేశారు. మన కార్యక్రమాల్లో ఒక్క గారె అయినా పేలదు, ఒక్క అట్టయినా పెనానికి అంటుకోదు. ఇంట్లో అంటుకున్నప్పుడు ఏం చేయాలో అందుకే తెలియకుండా పోతోంది.

ఇక కలిపిన వెంటనే ఆవకాయ రుచి చూసి ‘అద్భుతం’ అనే పద్ధతి. ఆరోజు ముక్కకు ఉప్పు పట్టదు, ఆవపిండి ఘాటు విరగదు. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు అని చెప్పేటప్పుడు అది మెత్తటి ఉప్పో, కల్లుప్పో చెప్పాలి. గింజల మధ్య ఖాళీ ఉండటంతో అదే గిన్నెడు కల్లుప్పు తక్కువ తూగుతుంది. ఉప్పు చాలకపోతే వర్షాకాలానికి బూజు పడుతుంది. మూడో రోజు ఊట దిగి నూనె పైకి తేలాక, తిరగకలిపి అప్పుడు రుచి చూడాలి. ఉప్పు సరిచేసుకోవాల్సింది అప్పుడే, నూనె చాలకపోతే పోసుకోవాల్సిందీ అప్పుడే.

కాబట్టి చానళ్ల వారికి ఒక విన్నపం: ఈ వేసవిలో ఆవకాయ ఎపిసోడ్‌ను కలిపిన రోజు సగం, మూడో రోజు సగం చిత్రీకరించండి. యాంకర్ గారు ఆ రెండోసారి రుచి చూడాలి. ఉప్పు తక్కువైతే తక్కువైందనే చెప్పాలి.

— ఒక పాఠకురాలు, తెనాలి