లోపల పెట్టుకునే బిళ్ల గురించి ఆరోగ్య మంత్రి గారికి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను వారాసిగూడలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. షాపులో మగవాళ్లు లేని టైం చూసుకుని కొందరు ఆడవాళ్లు వస్తారు. "అక్కా, ఆ లోపల పెట్టుకునే బిళ్ల ఇయ్యి" అంటారు, గొంతు తగ్గించి. గర్భం రాకుండా యోనిలో పెట్టుకునే బిళ్ల అది. పేపర్లో చుట్టి ఇస్తాను. మా మధ్య మాటలు అంతే.

పోయిన నెల అట్లా కొనే ఒకామె మూడోసారి ఫంగస్ క్రీము అడిగింది. మంట, దురద. "ఎంత రాసినా తగ్గుత లేదక్కా" అంది. బిళ్ల ఎన్నిసార్లు వాడుతున్నావని ఆ రోజే మొదటిసారి అడిగాను. దాదాపు రోజూ, ఒక్కోరోజు రెండుసార్లట. డాక్టరమ్మ దగ్గరికి పంపితే బిళ్ల ఆపమన్నారు. రెండు వారాల్లో మంట పోయింది. ఇన్నాళ్లూ బిళ్లా నేనే అమ్మాను, క్రీమూ నేనే అమ్మాను.

ఆ బిళ్లలో ఉండేది నొనాక్సినాల్-9. సబ్బు జాతి రసాయనం. వీర్యకణం పైపొరను చెడగొట్టి పనిచేస్తుంది. యోని లోపలి పొరను మాత్రం వదిలేస్తుందా? ఎప్పుడో ఒకసారి వాడితే చాలామందికి ఏమీ కాదు. పదేపదే వాడితే ఆ పొర ఒరుసుకుపోయి పుండ్లు పడొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు పెరగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పొర దెబ్బతిన్న చోట హెచ్‌ఐవీకి దారి దొరుకుతుంది.

ఇది నా అనుమానం కాదు. బెనిన్, ఐవరీ కోస్ట్, దక్షిణాఫ్రికా, థాయ్‌లాండ్ దేశాల్లో సెక్స్ వర్కర్ల మీద చేసిన పరీక్షలో ఈ మందున్న జెల్ వాడిన 376 మందిలో 59 మందికి, మందు లేని జెల్ వాడిన 389 మందిలో 45 మందికి హెచ్‌ఐవీ సోకింది. కాపాడుతుందేమో చూద్దామని మొదలుపెట్టిన పరీక్ష అది! ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్లు దీన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అమెరికా 2007లో డబ్బా మీద హెచ్చరిక తప్పనిసరి చేసింది.

పోనీ గర్భం గ్యారంటీగా ఆగుతుందా అంటే, ఇదొక్కటే నమ్ముకున్న 100 మందిలో 20 మందికి పైగా ఏడాది తిరిగేలోపు గర్భం వస్తుంది.

బిళ్లను నిషేధించమని అడగడం లేదు సార్. భర్తకు తెలియకుండా వాడుకోగలిగే సాధనాలు కొందరికి అవసరం, కౌంటర్ ఇవతల నిలబడితే అది అర్థమవుతుంది. ప్రతి పెట్టెతో తెలుగులో, ఉర్దూలో ఒక చీటీ ఇప్పించండి. బస్తీ దవాఖానాల్లో మంటని వచ్చిన ఆడవాళ్లను ఈ బిళ్ల గురించి అడగమని చెప్పండి. గర్భం రాకుండా వాడే నిరోధ్, కాపర్-టి, అంతర ఇంజెక్షన్ సర్కారు ఉచితంగా ఇస్తుందని అక్కడే చెబితే ఇంకా మేలు.

ఈలోగా నేను పెట్టె మీద బాల్‌పెన్నుతో రాసిస్తున్నాను: "రోజుకు ఒక్కసారికి మించి వద్దు. మంట పుడితే ఆపి డాక్టరుకు చూపించు. హెచ్‌ఐవీని ఆపదు." మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది ఉర్దూ చదివేవాళ్లు. నాకు ఉర్దూ రాయడం రాదు.

ఇట్లు,
వారాసిగూడ నుంచి ఒక ఫార్మసిస్టు