బ్రాండ్ మీద మనసు పడటం సరే, నెక్ కొలతలు చూశారా?

సంపాదకులకు,

గిటార్ కొనేవారి కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసంలో ఒక్కో కంపెనీకి ఒక్కో ‘సౌండ్’ ఉందనీ, ఆ సౌండ్ కోసమే వాయించేవాళ్లు ఒక బ్రాండ్‌ను అంటిపెట్టుకుని ఉంటారనీ రాశారు. గిటార్లు బాగుచేసే పనిలో ఉన్నవాడిగా ఇందులో సగమే ఒప్పుకోగలను. సౌండ్ సంగతి తర్వాత వస్తుంది. ముందు పని చేసేది కన్ను. కొన్నాక ఆ గిటార్‌ను చేతిలోంచి దింపకుండా చేసేది చాలాసార్లు నెక్ (చేత్తో పట్టుకుని తీగలు నొక్కే పొడవాటి భాగం) కొలతలు. వాటి గురించి వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు.

దూరంగా స్టేజి మీద ఉన్న గిటార్ ఏ కంపెనీదో చెప్పేయగలిగేది నెక్ చివరి తల భాగమైన హెడ్‌స్టాక్‌ను బట్టే. ఫెండర్‌లో తీగలు బిగించే ఆరు కీలూ ఒకే వైపు వరుసగా ఉంటాయి. గిబ్సన్‌లో మూడు ఇటు, మూడు అటు. బాడీ ఆకారాన్ని నమ్ముకుంటే లాభం లేదు, దాన్ని పది కంపెనీలు తయారు చేస్తాయి. స్ట్రాటోకాస్టర్ (క్లుప్తంగా స్ట్రాట్), టెలికాస్టర్, ప్రెసిషన్ బాస్ బాడీ ఆకారాలను తమ ట్రేడ్‌మార్కుగా నమోదు చేయాలని ఫెండర్ అడిగితే, అవి ఎప్పుడో అందరి వాడుకలోకి వెళ్లిపోయాయని 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ అప్పీల్ బోర్డు కాదంది. హెడ్‌స్టాక్ ఆకారం మాత్రం ఎవరిది వారిదే. అందుకే అచ్చం స్ట్రాట్‌లా ఉన్న వేరే కంపెనీ గిటార్ చేతికిచ్చినా, హెడ్‌స్టాక్ చూడగానే కొందరి మొహం మాడిపోతుంది.

తర్వాత అభిమాన గిటారిస్టు. ఈ ఆకర్షణ ఎంత బలమైందో లెస్ పాల్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. గిబ్సన్ ఆ మోడల్‌ను 1952లో తెచ్చింది. అమ్మకాలు పడిపోవడంతో 1961లో దాని స్థానంలో పల్చటి బాడీతో, రెండు కొమ్ములతో కొత్త ఆకారం దించింది. అదే తర్వాత ఎస్‌జీ అయింది. ఇంతలో ఎరిక్ క్లాప్టన్, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ లాంటి గిటారిస్టులు పాత లెస్ పాల్‌లు పట్టుకుని వాయించేసరికి జనం వాటికోసం ఎగబడ్డారు. 1968లో గిబ్సన్ మళ్లీ తయారీకి దిగక తప్పలేదు.

కానీ కంటికి కనిపించిన గిటారే చెవికి వినిపించిందన్న భరోసా లేదు. జిమ్మీ పేజ్ అనగానే లెస్ పాల్ గుర్తొస్తుంది. తన బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్‌లో ఆయన ప్రధానంగా వాయించింది మాత్రం ఫెండర్ టెలికాస్టర్. 1980ల చివర్లో కుర్రకారును మళ్లీ లెస్ పాల్ వైపు తిప్పింది గిటారిస్టు స్లాష్. గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్ రికార్డింగ్‌లో అతని చేతిలో ఉన్నది గిబ్సన్ వాళ్లు చేసింది కాదు, ఒక పనివాడు విడిగా చేసిన నకలు. ఇక జిమీ హెండ్రిక్స్ కుడిచేతి వాటం స్ట్రాట్‌ను తిరగేసి, తీగలు అటుదిటు మార్చి కట్టుకున్నాడు. స్ట్రాట్‌లో బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) పక్కనున్న పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చేది) ఏటవాలుగా ఉంటుంది. మామూలుగా సన్న తీగల వైపు బ్రిడ్జ్‌కు దగ్గరగా, లావు తీగల వైపు దూరంగా ఉంటుంది. తిరగేస్తే ఈ వాలు తలకిందులవుతుంది. అంటే అదే కంపెనీ, అదే మోడల్, అదే రంగు కొని మామూలుగా వాయిస్తే ఆ తీరు రాదు. అభిమానం తప్పనడం లేదు. అది లేకపోతే సగం మంది గిటారే పట్టరు. కొనేటప్పుడు మాత్రం దాన్ని కాసేపు పక్కన పెట్టాలి.

ఇప్పుడు నెక్ సంగతి. నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు కూర్చునే గాడులున్న చిన్న పట్టీ) నుంచి బ్రిడ్జ్ శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే దిమ్మ) దాకా తీగ మోగే నిడివిని స్కేల్ అంటారు. ఫెండర్ ప్రధాన మోడళ్లలో అది 25.5 అంగుళాలు, గిబ్సన్‌లో పేరుకు 24.75, పీఆర్‌ఎస్ (పాల్ రీడ్ స్మిత్) కంపెనీలో ఎక్కువగా 25. ముప్పావు అంగుళం తేడా ఏపాటిది అనిపిస్తుంది. అదే శ్రుతికి బిగించినప్పుడు తీగ బిగువు స్కేల్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది కాబట్టి పొట్టి స్కేల్‌లో బిగువు దాదాపు 6 శాతం తగ్గుతుంది. 10 గేజ్ (అంటే 0.010 అంగుళం మందం) సన్న తీగ మీద ఫెండర్‌లో సుమారు 7.3 కిలోల బిగువు ఉంటే గిబ్సన్‌లో 6.9 ఉంటుంది. ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల) ఎడం కూడా తగ్గుతుంది. నట్ నుంచి 5వ ఫ్రెట్ వరకు దూరంలోనే 5 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. గిబ్సన్ తీగ మెత్తగా వంగుతుంది, వేళ్లు ఎక్కువ చాపక్కర్లేదు. ఫెండర్ తీగ గట్టిగా నిలబడి, లావు తీగలు కూడా తేటగా పలుకుతాయి. ‘ఈ కంపెనీ గిటార్ నా చేతికి కుదిరింది’ అనే మాట వెనక ముందుగా చూడాల్సింది ఇదే.

దీనికి చిన్న పరీక్ష ఉంది. రెండు బ్రాండ్లు పక్కపక్కన పెట్టి పోల్చేముందు వాటి మీద ఏ గేజ్ తీగలు ఉన్నాయో అడగండి. 10 నుంచి 9కి మారిస్తే ఆ తీగ బిగువు 19 శాతం పడిపోతుంది, అంటే స్కేల్ తేడాకు మూడింతలు. ఫెండర్ మీద 9, గిబ్సన్ మీద 11 కట్టి ఉంచితే పోలిక పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు మీరు తూకం వేస్తున్నది కంపెనీలను కాదు, తీగల ప్యాకెట్లను.

ఫ్రెట్లు అమర్చిన పలక, అంటే ఫ్రెట్‌బోర్డ్ మీద చేయి అడ్డంగా ఆనిస్తే కొంచెం వంపు తెలుస్తుంది. దాన్ని రేడియస్ అంటారు. పాతకాలపు ఫెండర్లలో 7.25 అంగుళాలు, ఇప్పటి వాటిలో ఎక్కువగా 9.5, గిబ్సన్‌లో 12. అంకె పెరిగేకొద్దీ బోర్డ్ చదును అవుతుంది. ఐబనెజ్ ఆర్‌జీ లాంటి వేగం గిటార్లలో సుమారు 15.75 ఉంటుంది. 7.25 మీద బార్ కార్డులు (చూపుడు వేలితో తీగలన్నీ కలిపి నొక్కేవి) హాయిగా ఉంటాయి, చూపుడు వేలు వంపులో ఒదిగిపోతుంది. కానీ తీగలు బాగా కిందికి దించి, 12వ ఫ్రెట్ దాటాక సన్న తీగను ఒక స్వరం పైకి బెండ్ చేస్తే (పక్కకు నెడితే) స్వరం మధ్యలో చచ్చిపోతుంది. అంచు నుంచి నడిమికి నెట్టిన తీగకు బోర్డ్ ఉబ్బు ఎదురొచ్చి, పై ఫ్రెట్లకు తగులుతుంది. ఇది గిటార్ పాడైందనడానికి గుర్తు కాదు. తీగలు కొంచెం ఎత్తుకోవాలి, లేదా చదునైన బోర్డ్‌కు మారాలి. ఫెండర్ తన సెటప్ సూచనల్లో కూడా 7.25 బోర్డ్‌కు లావు తీగ వైపు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 1.6 చెప్పి, 9.5 నుంచి 12 వరకు బోర్డ్‌లకు రెండు వైపులా 1.6 చాలంటుంది. కొలిచేది 12వ లేదా 17వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ నెత్తి నుంచి తీగ అడుగు వరకు. ఫెండర్ చెప్పింది 17వ ఫ్రెట్ దగ్గరి లెక్క.

సౌండ్ గురించి వ్యాసం చెప్పినదాన్ని కొట్టిపారేయను. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌కు, రెండున్న హమ్‌బకర్‌కు తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది. 1955లో సెత్ లవర్ గిబ్సన్ కోసం హమ్‌బకర్ చేసింది కరెంటు గుయ్‌మనే మోత పోగొట్టడానికి. రెండు కాయిళ్లను ఎదురెదురుగా కలిపితే మోత రద్దవుతుంది, దాంతోపాటు పైస్థాయి మెరుపూ కొంత పోతుంది. అందుకే వాటికి 500 కిలోఓమ్ వాల్యూమ్ పాట్లు (నాబ్ కింద ఉండే నిరోధకాలు), సింగిల్ కాయిళ్లకు 250 వేస్తారు. కానీ ఇవన్నీ విప్పి మార్చుకోగలిగినవి. స్కేల్ మారదు. బాడీ చెక్క గురించి ఎలక్ట్రిక్ గిటార్లలో జరిగే వాదనల జోలికి పోను, ఆంప్ ట్రెబుల్ నాబ్ రెండు గీతలు తిప్పితే వచ్చే తేడా ముందు అది నిలవదు.

అన్నిటికన్నా ఎక్కువ మందికి ఒక బ్రాండ్ మీద విరక్తి పుట్టించేది నట్. కొత్తవాళ్లు మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ కార్డ్ పట్టలేక, కంపెనీ మంచిది కాదనో తమ వేళ్లకు బలం లేదనో అనుకుంటారు. తీగను 2వ, 3వ ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి 1వ ఫ్రెట్ మీద చూడండి. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య పల్చటి కాగితం దూరేంత సందు ఉంటే చాలు. వెలుతురు బాగా కనబడితే నట్‌లో గాడి ఎత్తుగా ఉన్నట్టు. అప్పుడు నొక్కడం కష్టమే కాదు, మొదటి మూడు ఫ్రెట్లలో స్వరం పైకి పోతుంది. ఓపెన్ తీగలు శ్రుతిలో ఉన్నా కార్డ్ అపశ్రుతిగా వినిపిస్తుంది. సందు అసలే లేకపోతే ఓపెన్ తీగ మోగినప్పుడు జరజరమంటుంది. గాడి లోతు చేయడానికి తీగ మందానికి సరిపడే నట్ ఫైల్ కావాలి. హెడ్‌స్టాక్ వైపు వాలుగా, ఒకసారికి రెండు మూడు తోపులే వేసి, తీగ ఎక్కించి చూస్తుండాలి. ఎక్కువ తీసేస్తే కొత్త నట్ వేయడమే. పది నిమిషాల పని చేయించుకోక గిటార్‌నే అమ్మేసేవాళ్లున్నారు.

దాని తర్వాత ట్రస్ రాడ్, అంటే నెక్ వంపు సరిచేయడానికి దాని లోపల ఉండే కడ్డీ. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, నెక్ బాడీతో కలిసేచోట లావు తీగను నొక్కి, 7వ లేదా 8వ ఫ్రెట్ దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చండి. 0.25 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు. ఎక్కువైతే నెక్ ముందుకు వంగినట్టు, రాడ్‌ను గడియారం దిశలో పావు చుట్టు తిప్పి, శ్రుతి చేసి, మళ్లీ కొలవాలి. పట్టేసినట్టుంటే బలవంతం చేయొద్దు. ఈ వరుస మారకూడదు: నెక్, తర్వాత తీగల ఎత్తు, చివర ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా శ్రుతి సరిపోయేలా చూడటం. 12వ ఫ్రెట్ మీద నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కన్నా పైకి పోతుంటే శాడిల్‌ను వెనక్కి జరపాలి, కిందికి ఉంటే ముందుకు.

ప్రతి కంపెనీ డిజైన్‌కూ తనదైన బలహీనత ఉంటుంది. మనసు పడ్డాక ఇవి కనిపించవు. గిబ్సన్ హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది, నట్ వెనకే ట్రస్ రాడ్ కోసం చెక్క తవ్వి ఉంటుంది. గిటార్ వెల్లకిలా పడితే ముందు విరిగేది అక్కడే. పైగా నడిమి తీగలు నట్ దాటాక పక్కకు మళ్లి కీల వైపు పోతాయి కాబట్టి మూడో తీగ గాడిలో ఇరుక్కుని, శ్రుతి చేస్తుంటే టక్‌మని దూకుతుంది. గాడి సాఫు చేసి పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే చాలావరకు పోతుంది. ఫెండర్ హెడ్‌స్టాక్ తిన్నగా ఉండటం వల్ల అంత తేలిగ్గా విరగదు. కాకపోతే తీగను నట్‌కు నొక్కి పట్టడానికి స్ట్రింగ్ ట్రీ అనే చిన్న కొక్కెం అవసరమవుతుంది, ట్రెమోలో (బ్రిడ్జ్‌ను కదిపి స్వరాన్ని ఊపే కడ్డీ) వాడితే తీగ అక్కడ పట్టేస్తుంది. ఎస్‌జీ బాడీ తేలిక. స్ట్రాప్ తగిలించుకుని చేయి వదిలితే నెక్ నేలచూపులు చూస్తుంది. కూర్చుని మాత్రమే వాయించి చూసి కొంటే ఇది ఇంటికి వెళ్లాకే తెలుస్తుంది.

అకౌస్టిక్‌లో లెక్క కాస్త వేరు. అక్కడ నట్ వెడల్పు ముఖ్యం. మార్టిన్ కంపెనీ పాత డ్రెడ్‌నాట్లలో (పెద్ద బాడీ గిటార్లలో) 43 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తుంది, టేలర్లలో 44.5. వేళ్లతో మీటేవాళ్లకు ఆ మిల్లీమీటరున్నరే పక్క తీగ తగలకుండా చూసేది. తీగలు ఎత్తుగా ఉంటే శాడిల్ అరగదీస్తారు. 12వ ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటరు దించాలంటే శాడిల్ 2 మిల్లీమీటర్లు తగ్గాలి. కాబట్టి పాత గిటార్ కొనేటప్పుడు బ్రిడ్జ్ పైన శాడిల్ ఇంకా ఎంత మిగిలిందో చూడాలి. తీగలు ఎత్తుగా ఉండి, శాడిల్ అప్పటికే అరిగిపోయి ఉంటే నెక్ రీసెట్ (నెక్‌ను ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ బిగించడం) దగ్గర పడ్డట్టే. అది పెద్ద పని.

కొనేటప్పుడు ఒకే ఆంప్, నాబ్‌లు కదపకుండా, అవే నాలుగు కార్డులు, అదే సోలో ముక్క రెండు గిటార్ల మీదా వాయించండి. ముందు ప్లగ్ చేయకుండా. కూర్చుని, తర్వాత స్ట్రాప్‌తో నిలబడి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా ఒకసారి మీటండి. 12 నుంచి 15 ఫ్రెట్ల మధ్య పూర్తి స్వరం బెండ్ చేసి వదిలి, శ్రుతి నిలిచిందో లేదో ట్యూనర్‌లో చూడండి. వీలైతే స్నేహితుడి చేత గిటార్ అందించుకుని, హెడ్‌స్టాక్ వైపు చూడకుండా వాయించండి. మీరు అనుకున్న కంపెనీ కాకుండా దాని చౌక శాఖ (ఫెండర్‌కు స్క్వైర్, గిబ్సన్‌కు ఎపిఫోన్) గిటార్ నచ్చితే కంగారు పడనక్కర్లేదు. వాటిలో ప్రధాన మోడళ్ల స్కేల్, బాడీ ఆకారం పెద్దన్నవే. తేడా ఎక్కువగా కీలలో, పాట్లు, స్విచ్‌లలో, నట్‌లో, ఫ్రెట్ అంచులు సాఫు చేసిన తీరులో ఉంటుంది. చేతిని నెక్ అంచు వెంట జార్చితే గీసుకుంటోందా లేదా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది.

మీ వ్యాసం చివర వేసిన పట్టికలో మోడల్ పేరు, రంగు, దాన్ని వాయించే ప్రముఖుడి పేరు ఉన్నాయి. ఈసారి రంగు గడి తీసేసి స్కేల్, నట్ వెడల్పు, ఫ్రెట్‌బోర్డ్ రేడియస్, ఫ్యాక్టరీ నుంచి వచ్చే తీగల గేజ్ వేయండి. ఈ నాలుగు వివరాలనూ కంపెనీలు తమ స్పెసిఫికేషన్లలో ఇస్తూనే ఉంటాయి.

భవదీయుడు,
ఒక గిటార్ మరమ్మతుదారు