మీ కొలతలు పోలేదు

ముందు అసలు మాట. మొన్న మంగళవారం మధ్యాహ్నం నుంచి నిన్న శుక్రవారం పొద్దున దాకా మీ కొలతలున్న ఫైలు మా షాపు కంప్యూటర్‌లో తెరుచుకోలేదు. ఫోన్ చేసినవాళ్లకి మా అమ్మాయిలు ‘సర్వర్ డౌన్’ అని చెప్పారు. అలా చెప్పమన్నది నేనే. అది అబద్ధం. ఫైలు మా దగ్గరే భద్రంగా ఉంది. దాన్ని తెరిచే పర్మిషన్ మాత్రం కొత్త కంప్యూటర్‌లో లేకపోయింది.

వరలక్ష్మీ వ్రతం పది రోజుల్లో ఉందనగా, ఏళ్ల తరబడి నా దగ్గరే కుట్టించుకుంటున్నవాళ్లని మళ్లీ టేపు ముందు నిలబెట్టాను. ‘నీ కంప్యూటర్ మొరాయిస్తే నేను ఈ ట్రాఫిక్‌లో మళ్లీ మారతహళ్లి దాకా రావాలా’ అని ఒకావిడ అడిగారు. న్యాయమే.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మా పాత కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదన్నారు. ఆషాఢంలో బేరాలు లేనప్పుడు మార్చాల్సింది, బద్ధకించి శ్రావణం దాకా లాగాను. అంతవరకు తప్పు నాది.

ఆ తర్వాతది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీది. పేరు రాయను. ఏటా మెయింటెనెన్స్ డబ్బు ఒక్కరోజు ఆలస్యం లేకుండా కడుతున్నాను. వాళ్లు పంపిన కుర్రాడు ‘అరగంట పని మేడమ్’ అన్నాడు. మీ కొలతల డేటాబేస్‌ని నడిపే ప్రోగ్రామ్ పేరు ఎస్‌క్యూఎల్ సర్వర్. దాన్నుంచి మన డేటాబేస్‌ని డిటాచ్ చేసి, అంటే విడదీసి, ఎండీఎఫ్ (అసలు డేటా), ఎల్‌డీఎఫ్ (మార్పుల చిట్టా) అనే రెండు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తెచ్చి కొత్తదాని డెస్క్‌టాప్ మీద పడేశాడు. అవి అక్కడ తెరుచుకుంటాయో లేదో చూడకుండానే, ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వాలని పాతదాన్ని ఫార్మాట్ చేసేశాడు. రోజూ రాత్రి బ్యాకప్ అవుతోందని నాకు చెప్పేవాళ్లు. ఆ బ్యాకప్ కూడా ఆ పాత కంప్యూటర్‌లోనే ఉందట! ఆది జాకెట్టు కుట్లు విప్పి పారేసి, ఆ తర్వాత కొత్తది సరిపోయిందా అని అడిగే టైలర్ని మీరు ఉండనిస్తారా?

వాటిని కొత్తదానిలోని ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి అటాచ్ చేయబోతే, అంటే మళ్లీ కలపబోతే, 5120 అనే ఎర్రర్. కింద ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’, తెరిచే హక్కు లేదని. డెస్క్‌టాప్ మీది ఫైళ్లను కట్ చేసి ఎస్‌క్యూఎల్ వాళ్ల డేటా ఫోల్డర్‌లో పేస్ట్ చేశాడు. మళ్లీ అదే. గంటన్నర తంటాలుపడి, ‘ఎవ్రీవన్ అని పెట్టి ఫుల్ కంట్రోల్ టిక్ కొట్టేస్తాను మేడమ్, అయిపోతుంది. అందరికీ ఇలాగే చేస్తాం’ అన్నాడు. అంటే ఆ ఫైలు మీద ఎవరికైనా పూర్తి హక్కులు ఇచ్చేయడమన్నమాట.

నేను వద్దన్నాను.

ఆ ఒక్క మాటతో మూడు రోజులు పోయాయి. ఊ అనుంటే మంగళవారం సాయంత్రానికే కొలతలు తెరుచుకునేవి. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ‘అందరూ అలాగే పెట్టుకుంటుంటే నీకొక్కదానికేంటి’ అని మావారు కూడా అన్నారు. కానీ ఆ ఫైల్లో ఏముందో మీకు తెలుసు. మీ చెస్ట్, నడుము, చంక, చేతి లూజు, మెడ లోతు, పక్కనే పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు. కాన్పుకి ముందు కొలత, తర్వాత కొలత కూడా తేదీలతో ఉంటాయి. కటింగ్ మాస్టర్‌కి ఇచ్చే చీటీ మీద కూడా నేను పేరు రాయను, నంబరే రాస్తాను. అలాంటి దాని మీద ఎవ్రీవన్ అన్న మాట టిక్ కొట్టడానికి చెయ్యి రాలేదు. మొండితనమంటే మొండితనమే.

బుధవారం కంపెనీకి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. గురువారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: ‘కస్టమర్ పర్మిషన్ ఇవ్వనందున టికెట్ క్లోజ్ చేయడమైనది.’ అంటే నా ఫిర్యాదు మూసేశారు, తప్పు నాదట. ఆ మెసేజ్ ఇప్పటికి పదిసార్లు చదువుకున్నాను, చదివినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. ఈలోగా ముగ్గురు బ్లౌజ్ పీసులు వెనక్కి తీసుకెళ్లారు.

గురువారం రాత్రి పదింటికి మా అన్నయ్య కొడుకు బెళ్లందూరులో ఆఫీసు అయ్యాక వచ్చాడు. ముందు పెన్‌డ్రైవ్‌లోవి ఇంకోచోట కాపీ పెట్టాడు. కొత్త వెర్షన్ ఎస్‌క్యూఎల్‌లో ఒకసారి తెరిచిన డేటాబేస్‌ని పాత వెర్షన్ మళ్లీ తీసుకోదట, అందుకని. తర్వాత చెప్పాడు: ‘అత్తా, ఈ ఫైలు తెరిచేది నువ్వూ కాదు, ఆ అబ్బాయీ కాదు. వెనకాల నడిచే ఎస్‌క్యూఎల్ సర్వీస్ తెరుస్తుంది. దానికి సొంత అకౌంట్ ఉంటుంది. డెస్క్‌టాప్ నీది, అక్కడి వస్తువు ముట్టుకునే హక్కు దానికి లేదు.’ మరి డేటా ఫోల్డర్‌లో పెట్టాడు కదా అన్నాను. ఒకే డ్రైవ్‌లో ఫైల్ని కట్ చేసి ఇంకోచోట పెడితే పాత పర్మిషన్లు దాంతోపాటే వస్తాయట. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్‌వి వస్తాయి. కటింగ్ సంగతి నాకు ఒకడు చెప్పాలా అనుకున్నాను గానీ, ఇది మాత్రం తెలియదు.

ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, ఎడిట్, యాడ్. అక్కడ ‘ఎన్‌టీ సర్వీస్’తో మొదలయ్యే ఆ సర్వీస్ పేరు పూర్తిగా టైప్ చేయాలి, లిస్టులో వెతికితే కనపడదు. దానికొక్కదానికే ఫుల్ కంట్రోల్ ఇచ్చాడు. మళ్లీ ఎర్రర్! ఎల్‌డీఎఫ్‌కి ఇవ్వడం మర్చిపోయాడు. దానికీ ఇచ్చాక తెరుచుకుంది. మొత్తం కలిపి పావుగంట. సాఫ్ట్‌వేర్ లాగిన్ కుదరలేదు, ఎందుకంటే ఆ లాగిన్లు ఈ ఫైల్లో ఉండవట. అదీ సరిచేసేసరికి తెల్లారింది.

మధ్యలో ఒక మాటన్నాడు. ‘ఎవ్రీవన్ అంటే లోకమంతా కాదత్తా, ఈ కంప్యూటర్‌లోకి రాగల అకౌంట్లు, అంతే.’ నా ముఖం మాడిపోయింది. దీనికా మూడు రోజులు? కాసేపాగి వాడే అడిగాడు, ‘ఈ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్ లేకుండా షేర్ చేసి ఉందేంటి?’ పైన మగ్గం వర్క్ దగ్గరున్న కంప్యూటర్ కోసమని ఆ కుర్రాడే పెట్టాడు. మన వైఫై పాస్‌వర్డ్ ట్రయల్ రూమ్ పక్కన గోడ మీదే రాసి ఉంటుంది. షేరింగ్ తీసేయించాను, పాస్‌వర్డ్ మార్చాను. నా ముఖం మళ్లీ మామూలుగానే ఉంది.

ఇక మీ బ్లౌజుల సంగతి. మొన్న గురువారం దాకా తీసుకున్నవన్నీ వచ్చే బుధవారం సాయంత్రంలోగా ఇస్తాం, మాస్టర్లు ఈ ఆదివారం కూడా వస్తున్నారు. మగ్గం వర్క్‌వి రెండు మాత్రం గురువారం పొద్దున అవుతాయి, వాళ్లకి నేనే ఫోన్ చేశాను. వ్రతం దాకా కొత్తవి తీసుకోవడం లేదు, బతిమాలొద్దు. ఆ మూడు రోజుల్లో మళ్లీ కొలతలిచ్చినవాళ్లవి పాతవాటితో పోల్చి చూస్తున్నాను, తేడా ఉంటే కత్తెర పెట్టకముందే ఫోన్ చేస్తాను. ఆల్టరేషన్‌కి డబ్బు తీసుకోను. పీసులు వెనక్కి తీసుకెళ్లిన ముగ్గురి అడ్వాన్సూ పంపేశాను. కోపం లేదు. కొంచెం ఉంది.

ఇకనుంచి బ్యాకప్ రెండుచోట్ల, ఒకటి మా ఇంట్లో. మళ్లీ ఎప్పుడైనా కంప్యూటర్ మారిస్తే బ్యాకప్ తీసి కొత్తదానిలో రీస్టోర్ చేసుకుంటాం, అది తెరుచుకుని వారం గడిచేదాకా పాతదాన్ని గడప దాటనివ్వను. ఆ కంపెనీకి వచ్చే ఏడాది మెయింటెనెన్స్ కట్టను. నిన్న డిస్కౌంట్ ఇస్తామని ఫోన్ చేశారు, ఎత్తలేదు.

ఇంకొకటి. ఈ గందరగోళంలో ఒక ఆది జాకెట్టు పేరు రాయకుండా కౌంటర్లోనే ఉండిపోయింది. వంకాయ రంగు, వెనక తాళ్లకి ముత్యాల కుచ్చులు, ఎడమ చేతి అంచున పసుపు మరక. ఎవరిదో వచ్చి చెప్పండి, మీ బ్లౌజు ఇంకా కటింగ్‌కి వెళ్లలేదు.