ఆరు, ఏడు తరగతుల చేతిపని: హ్యాంగర్లకు ఊలు తొడుగులు

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత మొదలైన చేతిపని పిరియడ్లలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఊలు అల్లుతున్నారు. అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ. అల్లేది బట్టల హ్యాంగరుకు తొడుగు. విశాఖపట్నంలో ఊలుతో పనేమిటని మీరు అడగడం సబబే. లంబసింగికో అరకుకో వెళ్లిన రెండు రోజులు తప్పిస్తే మన పిల్లలకి స్వెటరు అక్కర్లేదు.

తొడుగు మాత్రం ఏడాదంతా పనికొచ్చే వస్తువు. నున్నటి చెక్క హ్యాంగరు మీద పట్టు జాకెట్టు, జార్జెట్ చున్నీ నిలవవు. తెల్లారేసరికి బీరువా అడుగున ఉంటాయి. సన్నటి ప్లాస్టిక్ హ్యాంగరు అంచు చొక్కా భుజాలను ముక్కుల్లా పొడుస్తుంది. లోపల దూది, పైన గరుకుగా ఊలు ఉంటే ఈ రెండు బాధలూ ఉండవు. అల్లిక కొత్తగా పట్టే చేతికి కూడా ఇదే తగిన పని. మెడ, చంక, చేతులు అంటూ కుట్లు పెంచడం తగ్గించడం లేదు, ఒక పొడవాటి పట్టీ అల్లితే చాలు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి చేతివృత్తుల పరిచయం ఉండాలంది. ఆ పరిచయం కాగితప్పూలతో సరిపెట్టడం మాకు ఇష్టం లేదు.

ముందు సామాను సంగతి. ఊలు స్వచ్ఛమైన అక్రిలిక్ తీసుకోండి. గొర్రె ఊలు ఖరీదు, పైగా మూసి ఉంచిన బీరువాలో దానికి పురుగు పడుతుంది. లేబులు మీద 4 మి.మీ. సూది గుర్తు ఉన్న మధ్యరకం మందం కావాలి. ఒక తొడుగుకి పాతిక గ్రాములు సరిపోతుంది, వంద గ్రాముల ఉండ కొంటే మూడు తొడుగులు ధారాళంగా వస్తాయి. లేత రంగే ఎంచండి. నల్ల ఊలు మీద కుట్టు కనబడక పిల్లలు ఏడుస్తారు. రెండు ఉండలు కొంటే లేబుళ్ల మీద లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబరు) ఒకటే ఉందో లేదో చూడండి. అంగట్లో ఒకేలా కనిపించిన గులాబీ రంగులు అల్లాక రెండు చారలుగా తేలతాయి.

సూదులు 8 నంబరువి, అంటే 4 మి.మీ.వి. మన దుకాణాల్లో నంబరు పెరిగే కొద్దీ సూది సన్నమవుతుంది. 10 నంబరు అడిగితే 3.25 మి.మీ. సూది చేతికొస్తుంది, దాంతో అల్లిన పట్టీ బిరుసుగా తయారవుతుంది. పొడవు పాతిక సెంటీమీటర్లు దాటొద్దు, పక్కవాడి కంటికి ప్రమాదం. పూత లేని అల్యూమినియం సూదులు వద్దు. చేతి చెమటకి అవి ఊలుకి నల్లటి మరక అంటిస్తాయి. మే, జూన్ ఉక్కలో కాకుండా చలికాలంలో ఈ పని పెట్టుకున్నది కూడా ఆ చెమట వల్లే. అరచేయి తడిగా ఉంటే దారం సూది మీద జరగదు.

హ్యాంగరు చెక్కది, 40 సెంటీమీటర్లది. కింద ప్యాంటు వేసే కడ్డీ ఉన్నది పనికిరాదు, కడ్డీ అతికిన చోట తొడుగు మూసుకోదు. ఇనుప తీగ హ్యాంగరు అసలు వద్దు. సముద్రపు గాలికి అది తుప్పు పడుతుంది, ఆ తుప్పు దూదిలోంచి, ఊలులోంచి బట్ట దాకా పాకుతుంది.

ఇక అల్లిక. మా లెక్క పది సెంటీమీటర్లకి 22 కుట్లు. దూది చుట్టిన హ్యాంగరు చుట్టుకొలత సుమారు 11 సెం.మీ. వస్తుంది, పట్టీ వెడల్పు 10 సెం.మీ. ఉంటే సాగి బిగువుగా కూర్చుంటుంది. కాబట్టి సూది మీద 22 కుట్లు ఎక్కించాలి. అన్ని వరుసలూ సాదా కుట్టే, ఉల్టా (తిరగేసి అల్లే కుట్టు) లేదు. గుచ్చు, చుట్టు, లాగు, వదులు: పిల్లలు ఈ నాలుగు మాటలూ గొణుక్కుంటూ అల్లుతారు, ఇంట్లో వినబడితే కంగారు పడకండి. రెండు వరుసలకి ఒక గట్టు తేలుతుంది. వరుసలు లెక్కపెట్టబోతే తప్పుతారు, గట్లు లెక్కపెట్టమనండి. 38 గట్లకి 19 సెం.మీ. వస్తుంది. అక్కడ వేరే రంగు దారం గుర్తుగా కట్టి, మరో 38 గట్లు అల్లి, కుట్లు ఊడకుండా మూసేయాలి. మొత్తం 76 గట్లు, 38 సెం.మీ. హ్యాంగరు కంటే రెండు సెంటీమీటర్లు తక్కువ ఉండటం తప్పు కాదు, కావాలనే ఉంచాం. గట్ల అల్లిక పొడవునా బాగా సాగుతుంది, సరిగ్గా 40 అల్లితే నెల తిరక్కుండా వేలాడుతుంది. మొదట్లోనూ చివర్లోనూ 60 సెం.మీ. దారం వదలాలి, కుట్టుకోవడానికి అదే దారం.

బిగువుగా అల్లే పిల్లలకి పది సెంటీమీటర్లలో 24 కుట్లు పడతాయి. వాళ్లు 24 ఎక్కించాలి. ఇది లెక్కల మాస్టారు నిష్పత్తి పాఠంలో చేయిస్తున్నారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయో మీకూ తెలిస్తే మంచిది. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, 22 కుట్లు కాస్తా 25 అయి పట్టీ విసనకర్రలా విచ్చుకోవడం. వరుస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు రెండు కాళ్లతో రెండు కుట్లలా కనిపిస్తుంది, పిల్లలు రెండిటినీ అల్లేస్తారు. దారం ముందుకు వచ్చి, సూది కిందుగానే వెనక్కి వెళ్లాలి. నాలుగు గట్లకోసారి కుట్లు లెక్కపెట్టుకుంటే తప్పు దొరికిపోతుంది. రెండోది, వరుస మధ్యలో బెల్లు కొట్టడం. మర్నాడు సూదులు తారుమారు చేసి పట్టుకుంటే వచ్చిన దారినే వెనక్కి అల్లుతారు, అక్కడ పట్టీ ఒక పక్క ఎత్తు, ఒక పక్క పొట్టి అవుతుంది. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూదికి వేలాడుతోందో ఆ సూది కుడిచేతిలో ఉండాలి, అంతే. మూడోది, కుట్టు జారి నిచ్చెనలా దిగడం. వెంటనే పిన్నీసు గుచ్చి ఆపి బడికి పంపండి. క్రోషే కొక్కెంతో మెట్టు మెట్టుగా పైకి ఎత్తడం టీచరు చూపిస్తారు. మొదటి వరుస మరీ బిగిసిపోతే సూది దూరదు, రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద కుట్లు ఎక్కించి తర్వాత ఒకటి లాగేస్తే వదులు వస్తుంది.

ఎడమచేతి వాటం పిల్లలకి మేం వేరే పద్ధతి నేర్పడం లేదు. ఇందులో రెండు చేతులకీ సమానంగా పని ఉంటుంది, వాళ్లకి ఇబ్బంది రాదు.

తొడగడం ఒకే పిరియడ్ పని. పాలియెస్టర్ దూదిని నాలుగు సెం.మీ. పట్టీలుగా కోసి, కొస నుంచి మధ్యకి సగం సగం ఎక్కేలా చుట్టి దారంతో కట్టాలి. స్పాంజి, పాత బనీను గుడ్డలు వద్దు. మన ఊరి తేమ పీల్చి ముక్క వాసన వస్తాయి. కొసల దగ్గర దూది ఎక్కువ, కొక్కెం దగ్గర తక్కువ. గుర్తు కట్టిన గట్టులో 11, 12 కుట్ల మధ్య నుంచి కొక్కెం దూర్చి, పట్టీని రెండు పక్కలా కిందికి మడిచి, కొసలో ముడుచుకునేలా దారం లాగి బిగించి, అడుగున గట్టుకి గట్టు కలిపి కుట్టాలి. ఈ కుట్టు వదులుగా, దూరం దూరంగానే వేయించండి. ఉతకాలంటే అది విప్పి తొడుగు ఊడదీయాలి, చెక్కని నీళ్లలో ముంచకూడదు. అక్రిలిక్‌కి ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగి అతుక్కుంటుంది.

అలంకారం పిల్లల ఇష్టం: రిబ్బను ముడి, ఊలు పువ్వు, బొత్తాలు. కొక్కేనికి ఊలు చుట్టడం మాత్రం నాకు నచ్చదు, బీరువా కడ్డీ మీద జరగదు. వాసనకి వట్టివేళ్లు పల్చటి గుడ్డ సంచిలో కట్టి హ్యాంగరు మెడకి వేలాడదీయండి. దూదిలో కూరితే మరకలు పడతాయి. ఒక్కో హ్యాంగరు మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటుంది, బీరువా మొత్తానికి చేయమని పిల్లల్ని తొందరపెట్టకండి. పట్టు బట్టలకి నాలుగు చాలు. తడి బట్టలు వీటికి తగిలించొద్దు.

ఒక మనవి. పిల్లలు పడుకున్నాక అమ్మమ్మలు, నాయనమ్మలు మిగిలింది పూర్తి చేసి పంపవద్దు. చేతి బిగువు మారిన చోటు గట్లలో తెలిసిపోతుంది. పక్కన కూర్చుని వేరే పట్టీ అల్లి చూపిస్తే సంతోషం.

సామాను వచ్చే సోమవారంలోగా పిల్లల పేరు రాసిన గుడ్డ సంచిలో పంపండి. సూది మొనలకి రబ్బరు ముక్కలు గుచ్చి ఉండాలి. బస్సులోనూ ఆటోలోనూ సంచి విప్పకూడదని ఇంట్లో కూడా ఒకసారి చెప్పండి. పూర్తయిన తొడుగులు సంక్రాంతి సెలవులకి ముందు రోజు హాల్లో పెడతాం, మధ్యాహ్నం మూడు గంటల నుంచి చూడవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు