గ్లాడ్‌స్టన్ గారికి ఒక తెలుగు విలేకరి బహిరంగ లేఖ

బ్రిటన్ మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ గారికి,

సభలో ఎవరేం మాట్లాడారో రాసుకునే ఉద్యోగం నాది. ఐర్లండ్ హోంరూల్ (అంటే బ్రిటన్ కిందే ఉంటూ ఐర్లండ్‌కు సొంత శాసనసభ) మీద మీ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో నడిచిన చర్చలు చదివాక, మీరు పోయి నూట పాతికేళ్లు దాటినా సరే, నాలుగు మాటలు అడగాలనిపించింది.

1886 ఏప్రిల్ 8న మీరు మొదటి బిల్లు పెట్టినప్పుడు జాగా చాలక సభ మధ్యలో కుర్చీలు వేశారు. 76 ఏళ్ల వయసులో మూడున్నర గంటలు మాట్లాడారు. అలాంటి ప్రసంగం నా డ్యూటీలో ఒక్కటి తగిలినా చాలు. అయినా జూన్ 8 తెల్లవారుజామున 30 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఎదురు ఓటేసినవాళ్లలో 93 మంది మీ లిబరల్ పార్టీవాళ్లే!

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మా దగ్గర. 1885 అక్టోబరులో మీ పార్టీ నేత చాంబర్లీన్ హవార్డెన్‌లో మీ ఇంటికే వచ్చి వెళ్లారు. హోంరూల్ ఇద్దామన్న మీ మనసులో మాట ఆయనకు చెప్పలేదు. డిసెంబరులో మీ అబ్బాయి హెర్బర్ట్ పత్రికలవాళ్ల చెవిన వేస్తే దేశమంతా తెలిసింది. విలేకరులకు అది పండగే, మరి పార్టీ సంగతి? మార్చికల్లా చాంబర్లీన్ మంత్రి పదవి వదిలేశారు.

ఇక ఐర్లండ్ ఉత్తరాన, హోంరూల్ వద్దన్న అల్స్టర్ ప్రొటెస్టెంట్లు. 1886 ఫిబ్రవరిలోనే కన్సర్వేటివ్ నేత రాండాల్ఫ్ చర్చిల్ బెల్‌ఫాస్ట్ వెళ్లి వాళ్లను రెచ్చగొట్టి వచ్చారు. మీరేమో, వాళ్లకు ప్రత్యేక ఏర్పాటేదైనా ఎవరైనా ప్రతిపాదిస్తే పరిశీలిస్తామన్నారు. మంత్రిగారు పరిశీలిస్తామంటే ఫైలు ఎక్కడికి వెళ్తుందో ప్రెస్ గ్యాలరీలో ఎవరినడిగినా చెబుతారు.

1893లో రెండో బిల్లు మీద 80 రోజులకు పైగా చర్చించారు. జులై 27 రాత్రి ఐరిష్ సభ్యుడు టి.పి. ఓకానర్ (ఈయనా జర్నలిస్టే, మా పరువు కాస్త పోయింది) చాంబర్లీన్‌ను జూడాస్ (ఏసును పట్టిచ్చిన ద్రోహి) అని అరిచేసరికి సభ్యులు పిడిగుద్దులకు దిగారు. చాలా క్లాజులు చర్చే లేకుండా ఓటుకెళ్లాయి. కామన్స్‌లో గట్టెక్కినా, ఎగువ సభ లార్డ్స్ నాలుగు రోజుల్లో 419-41తో తిప్పికొట్టింది. ఎన్నికలకు వెళదామని మీరంటే మీ క్యాబినెట్టే ఒప్పుకోలేదు.

ఆ ఏడాది మీ బెంచీల మీద మా దాదాభాయి నౌరోజీ కూడా ఉన్నారు, ఐదే ఓట్ల మెజారిటీతో గెలిచి. 1916లో మద్రాసులో అనీబిసెంట్ పెట్టిన లీగ్‌కు హోంరూల్ అన్న పేరు మీ ఐర్లండ్ గొడవల నుంచే వచ్చింది. అందుకే ఇదేదో పరాయి ఊరి పంచాయితీ అనుకోలేకపోతున్నాను.

మీ తర్వాత మూడో బిల్లు ఇంకా సభలో ఉండగానే, 1914 ఏప్రిల్‌లో, లార్న్ రేవులో హోంరూల్‌ను ఎదిరించే అల్స్టర్ వాలంటీర్లకు తుపాకులు దిగాయి. మీరు పరిశీలిస్తామన్నది వాళ్ల సంగతే.

ఇట్లు,
ఒక తెలుగు విలేకరి